శనివారం ఇంటికి, ఆదివారం దారికి: జర్మనీలో ఎంఎస్ చదివేవాళ్ల వారాంతం

జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్ తెరవరు. ఇండియన్ స్టోర్ కూడా తెరవదు. పెద్ద రైల్వేస్టేషన్లలోని దుకాణాలు, పెట్రోలు బంకులు, పొద్దున కొన్ని గంటలపాటు కొన్ని బేకరీలు మాత్రమే దిక్కు. అక్కడ కూడా పాలు, గుడ్లు మామూలు ధరకు దొరకవు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది శనివారం పొద్దున్నే ఊళ్లు తిరగడానికి బయల్దేరి, రాత్రి పదింటికి తిరిగొచ్చి, ఖాళీ ఫ్రిజ్ చూసి ఆదివారమంతా బ్రెడ్డు ముక్కలతో గడుపుతారు. బట్టలు ఉతుకుదామంటే ఆదివారం నిశ్శబ్ద దినం. చాలా హాస్టళ్ల నియమాల్లో ఆ రోజు వాషింగ్ మెషిన్ వాడకూడదని రాసి ఉంటుంది. గాజు సీసాలను వీధి డబ్బాలో వేస్తే కూడా పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తారు.

అందుకే క్రమం తిప్పుకోవాలి. శనివారం ఇంటి పనికి, ఆదివారం ప్రయాణానికి. ఆదివారం ఇంట్లో చేయగలిగింది ఎలాగూ చదువు, నిద్ర తప్ప పెద్దగా ఉండదు. మ్యూజియాలు, అడవి దారులు, కోటలు మాత్రం ఆ రోజు తెరిచే ఉంటాయి. చాలా మ్యూజియాలకు సెలవు సోమవారం. ఒక మినహాయింపు ఉంది: బట్టలు కొనడానికో పెద్ద ఊరి బజార్లు చూడడానికో వెళ్లేటట్టయితే అది శనివారం ప్రయాణమే. అప్పుడు సరుకులు శుక్రవారం సాయంత్రమే తెచ్చుకోవాలి.

ముందు గంటల లెక్క, డబ్బు లెక్క

మాస్టర్స్‌లో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసు, ల్యాబ్, సొంత చదువు అన్నీ కలిపి 750 నుంచి 900 గంటలు. ఆర్నెల్ల మీద పరిస్తే వారానికి ముప్పై, ముప్పై అయిదు గంటలు వస్తాయి. చూడడానికి తేలికే. కానీ క్లాసుల్లో హాజరు అడగరు కాబట్టి అందరూ ఆ గంటలను చివరి ఆరు వారాల్లోకి నెట్టేస్తారు. శీతాకాలపు సెమిస్టరు క్లాసులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, వేసవి సెమిస్టరువి ఏప్రిల్ నుంచి జులై మధ్య దాకా నడుస్తాయి. కాబట్టి దూర ప్రయాణాలన్నీ అక్టోబరు, నవంబరు, ఏప్రిల్, మే, జూన్‌లలో పెట్టుకోండి. జనవరి, జులై నెలల్లో గంట దూరం దాటవద్దు.

పార్ట్‌టైమ్ పనిచేసేవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. నాలుగు గంటల లోపు పని సగం రోజు కింద లెక్క. శనివారం అయిదు గంటల షిఫ్టు చేస్తే పూర్తి రోజు పోతుంది. షిఫ్టులు వేసేవాడికి ఈ తేడా పట్టదు, మీరే రాసి పెట్టుకోవాలి.

వీసా కోసం ముందే డబ్బు వేసి చూపే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తే నెలకు చేతికొచ్చేది 992. అందులోంచి అద్దె, ఆరోగ్య బీమా, ఫోను, సెమిస్టర్ ఫీజు పోవాలి. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు కూడా ఉంది. ఇది మనిషికి కాదు, ఇంటికి. నలుగురు ఒకే ఫ్లాట్‌లో ఉంటే ఒకరి పేరు మీద కట్టి పంచుకోవచ్చు. నలుగురికీ విడివిడిగా ఉత్తరాలు వస్తాయి. మిగతా ముగ్గురూ ఆ కట్టేవారి రుసుము నంబరు రాసి జవాబు పంపాలి. ఉత్తరాన్ని పక్కన పడేస్తే బకాయి పెరిగిపోతుంది.

ఇవన్నీ పోగా ప్రయాణాలకు మిగిలేది తక్కువే. అందుకే ఇక్కడి విద్యార్థి వారాంతమంతా ఒక్క టికెట్ మీద నడుస్తుంది.

డాయిచ్‌లాండ్ టికెట్

డాయిచ్‌లాండ్ టికెట్ అంటే దేశమంతా చెల్లే నెలవారీ టికెట్, 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది. 2025లో 58, 2026 జనవరి నుంచి 63. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రో, ఎస్-బాన్ అనే నగర రైళ్లు, ఆర్‌బీ, ఆర్‌ఈ అనే ప్రాంతీయ రైళ్లు, అన్నీ రెండో తరగతిలో నెలంతా ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ, ఫ్లిక్స్‌ట్రెయిన్ లాంటి దూరప్రాంత రైళ్లకు చెల్లదు. కొనేముందు యూనివర్సిటీ సెమిస్టర్ ఫీజులో ఏముందో చూడండి. చాలాచోట్ల ఇదే టికెట్ విద్యార్థి ధరకు, అంటే అసలు ధరలో 60 శాతానికి, ఫీజులోనే కలిసి వస్తుంది. తెలియక మళ్లీ విడిగా కొనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

విడిగా కొంటే అది చందా, ప్రతి నెలా దానంతటదే సాగుతుంది. ఆపాలంటే ఆ నెల 10వ తేదీ లోపు రద్దు చేయాలి. 11న చేస్తే ఇంకో నెల కట్టాలి. సెలవుల్లో ఇంటికి వెళ్తున్నవాళ్లు విమానం తేదీ కంటే ముందు ఈ తేదీ చూసుకోవాలి.

టికెట్ మీ పేరు మీదే ఉంటుంది. తనిఖీకి పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో చూపించాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోనే తెరిచి చూపాలి. ఫోను చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోల జరిమానా చీటీ రాస్తారు. తర్వాత టికెట్ ఉందని నిరూపిస్తే చిన్న రుసుముతో సరిపెడతారు గానీ ఆ తిరుగుడు ఎవరికి కావాలి? పవర్‌బ్యాంక్ సంచిలో అన్నిటికంటే ముందు పెట్టండి.

ఈ టికెట్ లేని స్నేహితులు వేరే ఊరి నుంచి చూడడానికి వస్తే వాళ్లకు రాష్ట్రాల టికెట్లు ఉన్నాయి. బవేరియా టికెట్‌నే తీసుకుంటే, అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లవచ్చు. వారం మధ్యలో పొద్దున 9 నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచి మొదలై, మర్నాడు తెల్లవారుజామున 3 దాకా పనిచేస్తుంది. పేర్లు టికెట్ మీద రాయాలి.

శనివారం: సరుకులు, వంట

పొద్దున పది లోపు సూపర్‌మార్కెట్‌కు వెళ్లండి. సాయంత్రం నాలుగు తర్వాత, అందులోనూ సోమవారం కూడా సెలవైతే, బిల్లు కౌంటర్ దగ్గర వరస అల్మారాల దాకా ఉంటుంది. బవేరియాలో శనివారం రాత్రి 8కి మూసేస్తారు. మిగతాచోట్ల 9, 10 దాకా ఉండేవి ఎక్కువ. ఈస్టర్ ముందు శుక్రవారం, ఈస్టర్ సోమవారం, మే 1, అక్టోబరు 3, డిసెంబరు 25, 26 లాంటి సెలవు రోజులు క్యాలెండర్‌లో ముందే గీసి పెట్టుకోండి.

వెళ్లేటప్పుడే ఖాళీ సీసాలు తీసుకెళ్లండి. కొన్నప్పుడు కట్టిన డిపాజిట్‌లో ప్లాస్టిక్ సీసాకూ పానీయాల డబ్బాకూ 25 సెంట్లు, మళ్లీ వాడే సీసాలకు ఎక్కువగా 8 లేదా 15 సెంట్లు వెనక్కి ఇస్తారు. నలిపేస్తే మిషన్ బార్‌కోడ్ చదవలేక తిరిగి తోసేస్తుంది. వచ్చిన చీటీ ఆ రోజే బిల్లులో తగ్గించుకోండి. జేబులో పెట్టుకుంటే మళ్లీ కనపడదు.

ఒక మనిషికి వారానికి బియ్యం కిలోన్నర, కందిపప్పు అరకిలో, పెరుగు కిలో, పాలు రెండు మూడు లీటర్లు, ఉల్లిపాయలు, టమాటాలు కిలో చొప్పున, గుడ్లు పది సరిపోతాయి. పప్పు, బియ్యం, చింతపండు మాత్రం నెలకోసారి ఇండియన్ స్టోర్‌లో. కరివేపాకు దొరికినప్పుడు కొని, కడిగి, తడి ఆరాక డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. నేరుగా నూనెలో వేయవచ్చు. నెయ్యికి బదులు ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరికే బుట్టర్‌ష్మాల్ట్స్ వాడవచ్చు, అదీ కాచిన వెన్నే.

పెరుగు తోడు పెట్టుకుంటే చవక. డబ్బా పాలు, అంటే అల్మారాలో ఫ్రిజ్ లేకుండా ఉండే హెచ్-మిల్క్, ముందే బాగా వేడిచేసినవి కాబట్టి మళ్లీ కాచనక్కర్లేదు. లీటరు పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా చేసి, రెండు చెంచాల సాదా పెరుగు కలిపి, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. ఓవెన్ వేడి వేస్తే తోడు చచ్చిపోతుంది. చలికాలం వంటగది గట్టు మీద పెడితే పొద్దునకు పాలు పాలలాగే ఉంటాయి.

హాస్టల్ స్టవ్‌లతో వచ్చే చిక్కు వేరు. గాజుపలక స్టవ్ ఆపగానే చల్లారదు. పాలు పొంగబోతున్నాయని ఆపితే అవి పొంగుతూనే ఉంటాయి, గిన్నె పక్కకు జరపాలి. అన్నం, పప్పు అయితే రెండు నిమిషాలు ముందే ఆపేయవచ్చు. ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగున ఇండక్షన్ పలక ఉన్నదే తెచ్చుకోవాలి.

పోపు దగ్గర ఇంకా జాగ్రత్త. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది. అలాంటప్పుడు చాలామంది కంగారుగా గది తలుపు తెరుస్తారు. అదే తప్పు. పొగ కారిడార్‌లోకి వెళ్లి అక్కడి అలారం కూడా మోగితే భవనం మొత్తం ఖాళీ చేయాలి, కొన్ని భవనాల్లో అగ్నిమాపక దళం నేరుగా వచ్చేస్తుంది, ఆ ఖర్చు మీ మీద పడవచ్చు. తలుపు మూసి కిటికీ తెరవండి. పోపు వేయబోయే ముందే కిటికీ తెరిచి, నూనె వేడెక్కాక స్టవ్ తగ్గించి, మిర్చి చివర్లో వేస్తే ఈ గొడవే ఉండదు.

దారికి పులిహోరను మించింది లేదు. ఇద్దరికి 300 గ్రాముల బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు, నాలుగు పెద్ద చెంచాల నూనె. ఆసియా దుకాణాల్లో ముదురు రంగులో ఉండే నువ్వుల నూనె వేయించిన గింజలది. దాంతో పులిహోర చేస్తే చైనా వంటకం వాసన వస్తుంది. ఇండియన్ స్టోర్ నూనె లేకపోతే పొద్దుతిరుగుడు నూనె నయం. శనివారం రాత్రే కలిపి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వేడిగా మూత పెడితే ఆవిరి నీరై చెమ్మగిల్లి మధ్యాహ్నానికి పాడవుతుంది. పెరుగన్నమైతే మెత్తగా వండిన కప్పు అన్నానికి కప్పున్నర పాలు, మూడే చెంచాల పెరుగు. తినే వేళకు అది సరిగ్గా తోడుకుంటుంది. అన్నీ పెరుగే పోస్తే పుల్లబడుతుంది.

నీళ్లకు ఖాళీ సీసా చాలు, కుళాయి నీళ్లు తాగవచ్చు. హోటల్లో నీళ్లు ఊరికే పోయరు.

దారి వెతకడం

జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో వెతికేముందు రెండు మార్పులు చేయండి. ఒకటి, ప్రాంతీయ రైళ్లు మాత్రమే చూపేలా పెట్టడం. ఇది మరిచిపోతే ఐసీఈతో కలిపిన దారి చూపుతుంది, ప్లాట్‌ఫాం మీదకు వెళ్లాక తెలుస్తుంది. రెండు, రైలు మారే సమయం కనీసం 15 నిమిషాలుగా పెట్టడం. యాప్ ఆరు నిమిషాల మార్పునూ సాధ్యమనే చూపుతుంది. మొదటి రైలు ఎనిమిది నిమిషాలు ఆలస్యమైతే రెండోది పోతుంది, పల్లె మార్గాల్లో మళ్లీ రైలు రెండు గంటలకు.

ఒక రోజు ప్రయాణానికి ఒక వైపు మూడు గంటలు హద్దు. మాగ్డెబర్గ్ నుంచి బెర్లిన్‌కు ఆర్‌ఈ 1, గంటకొకటి. లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు ఆర్‌ఈ 50, సుమారు గంటన్నర. ఇవి హాయిగా కుదురుతాయి. బెర్లిన్ నుంచి బాల్టిక్ తీరం కూడా కుదురుతుంది గానీ వేసవి శనివారం పొద్దున ఆ రైళ్లలో నిలబడే చోటుండదు, సైకిళ్లున్నవాళ్లను ఎక్కనివ్వరు కూడా. పొద్దున ఆరింటికే వెళ్లండి, లేదా వారం మధ్యలో సెలవు దొరికిన రోజున.

బయల్దేరే రాత్రి మళ్లీ ఒకసారి యాప్ చూడాలి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. రైలుకు బదులు బస్సు అని రాసి ఉంటే గంటకు గంట పెరుగుతుంది, ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో స్టేషన్ బయట బోర్డులు చూసి వెతుక్కోవాలి. చిన్న ఊళ్లలో ఆదివారం బస్సు కూడా సరిగా ఉండదు. టైంటేబుల్‌లో రూఫ్‌బస్ అని ఉంటే అది ఫోన్ చేస్తేనే వస్తుంది, చాలాచోట్ల కనీసం గంట ముందు చెప్పాలి.

రైలు మధ్యలో రెండుగా విడిపోవడం కొత్తవాళ్లను బోల్తా కొట్టించే ఇంకో సంగతి. మ్యూనిక్ నుంచి దక్షిణంగా వెళ్లే రైలు హోల్ట్స్‌కిర్షెన్‌లో చీలి, ఒక భాగం బైరిష్‌ట్సెల్ వైపు, ఇంకోటి టేగర్న్‌జే, లెంగ్రీస్‌ల వైపు పోతుంది. పెట్టె తలుపు పక్కన, లోపల తెర మీద ఉన్న ఊరి పేరు చూసి కూర్చోవాలి. రైలు నంబరు ఒకటే కదా అనుకుంటే వేరే లోయలో దిగుతారు.

మరుగుదొడ్డి సంగతి: ప్రాంతీయ రైళ్లలో ఉచితంగా ఉంటుంది, బెర్లిన్, మ్యూనిక్ ఎస్-బాన్‌లలో ఉండదు. పెద్ద స్టేషన్లలో డబ్బు కట్టాలి. దిగేముందు రైల్లోనే చూసుకోండి.

ఒక ఆదివారం: బాస్టై

బాస్టై అంటే డ్రెస్డెన్ దగ్గర ఎల్బే నది పైన ఉన్న ఇసుకరాతి కొండ. తూర్పు జర్మనీలో చదివేవాళ్లకు మొదటి ప్రయాణంగా ఇది చెప్పవచ్చు. డ్రెస్డెన్ ప్రధాన స్టేషన్‌లో బాడ్ షాండావ్ వైపు వెళ్లే ఎస్ 1 ఎక్కాలి. ఎల్బే నది వెంటే పోతుంది, ఎడమవైపు కూర్చుంటే నది కనిపిస్తుంది. పిర్నా, ష్టాట్ వేలెన్ దాటాక కురోర్ట్ రాటెన్‌లో దిగండి. డ్రెస్డెన్ నుంచి ముప్పావు గంట కూడా పట్టదు.

స్టేషన్ నదికి ఒక గట్టున, ఊరూ కొండా అవతలి గట్టున. మధ్యలో ఇంజను లేని పడవ. దాని తాడు నదికి అడ్డంగా ఉండదు, ఎగువన లంగరు వేసి ఉంటుంది, ప్రవాహమే పడవను అటూ ఇటూ నెడుతుంది. చిల్లర నాణేలు పెట్టుకుని వెళ్లండి. సాయంత్రం ఆఖరి పడవ వేళ ఇటు దిగగానే బోర్డు మీద చూసుకోవాలి. దగ్గర్లో వంతెన లేదు.

అవతల నుంచి మెట్ల దారి, అరగంట నుంచి ముప్పావు గంట ఎక్కుడు. పైన ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన, పొడవు 76 మీటర్లు. నది 194 మీటర్లు కింద. వంతెనకు టికెట్ లేదు. పది గంటల తర్వాత టూరిస్టు బస్సులు కార్ పార్కింగ్ వైపు నుంచి వచ్చేసి ఫొటోకు చోటివ్వవు, తొమ్మిదికల్లా పైనుండేలా రైలు చూసుకోండి.

వచ్చిన దారినే దిగవద్దు. వంతెన దాటాక ష్వేడెన్‌లోషర్ అనే బోర్డు వెంట వెళ్తే ఇరుకైన రాతి సందుల్లోంచి వందల మెట్లు దిగి ఆమ్‌జెల్ చెరువు దగ్గర తేలుతారు. అక్కడ నుంచి చదునైన దారి మళ్లీ రాటెన్‌కు. తిండి, ఫొటోలతో కలిపి నాలుగు గంటలు. కాళ్లలో బలం ఉన్నవాళ్లు వేలెన్‌లో దిగి, నది దాటి, అడవి లోయగుండా బాస్టైకి వచ్చి రాటెన్‌లో రైలెక్కవచ్చు. అదే ఇంకా బావుంటుంది, జనం తక్కువ.

తడిసిన ఇసుకరాయి, ఆకులు రాలిన మెట్లు జారతాయి. నవంబరు నుంచి మార్చి దాకా నీడలో మంచు గడ్డకట్టి ఉంటుంది. నున్నటి అడుగున్న స్నీకర్లు పనికిరావు. ఇది నేషనల్ పార్క్, గుర్తు పెట్టిన దారి తప్పకూడదు, నిప్పు రాజేయకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, కాబట్టి రెండు తర్వాత కొత్త దారి మొదలుపెట్టవద్దు.

పశ్చిమ, దక్షిణాల వాళ్లకు కూడా ఇదే పద్ధతి, ఊళ్లే వేరు. నోయ్‌ష్వాన్‌ష్టైన్ కోటకు మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ దాకా రైలు, అక్కడ నుంచి బస్సు. లోపలికి వెళ్లాలంటే వేళ రాసిన టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనడం మేలు, ఆ వేళ దాటితే పోయినట్టే. హార్ట్స్ కొండల్లో వెర్నిగెరోడె దాకా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, అక్కడి నుంచి 1141 మీటర్ల బ్రోకెన్ శిఖరానికి పోయే ఆవిరి రైలుకు చెల్లదు. షియర్కె నుంచి నడిచి ఎక్కితే ఖర్చుండదు.

సరిహద్దు దాటితే

డాయిచ్‌లాండ్ టికెట్‌తోనే ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ దాకా వెళ్లవచ్చు. పశ్చిమాన కేల్‌లో దిగి రైన్ నది మీది వంతెన నడిచి దాటితే ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. కానీ 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీ పెట్టింది. తిరిగొచ్చే రైల్లో పోలీసులు ఎక్కుతారు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే ఉండాలి, ఫోనులో ఫొటోలు పనికిరావు. కార్డు గడువు తీరి, కొత్తది వచ్చేలోపు ఇచ్చిన తాత్కాలిక పత్రం మాత్రమే చేతిలో ఉంటే, అందులో ఏ పెట్టె టిక్ చేశారో చూడండి. జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ ఉపవిభాగమైతే వెళ్లి రావచ్చు. 3వ ఉపవిభాగమైతే దేశం దాటకండి, తిరిగి రానివ్వరు.

ఆఖరి రైలు తప్పితే

ఆఖరి రైలు మీద ప్లాన్ వేయకండి, దాని ముందుదాని మీద వేయండి. ఆదివారం సాయంత్రం 4 నుంచి 8 మధ్య రైళ్లు ఊళ్లకు తిరిగొచ్చే విద్యార్థులతో కిక్కిరిసి ఉంటాయి, ఆలస్యాలూ అప్పుడే ఎక్కువ. రైలు గంటకు పైగా ఆలస్యమైతే డాయిచ్‌లాండ్ టికెట్‌కు ఒక్కోసారికి ఒకటిన్నర యూరో పరిహారం ఉంది. మొత్తం నాలుగు యూరోలకు చేరితేనే ఇస్తారు, కాబట్టి ఆలస్యాల వివరాలు కూడబెట్టి ఒకేసారి పంపాలి.

నిజంగానే ఇరుక్కుపోతే చిన్న స్టేషన్‌లో కూర్చోవద్దు. రాత్రి తాళం వేస్తారు, వేడి ఉండదు. ఏ దిక్కుకైనా సరే, పెద్ద జంక్షన్ వైపు వెళ్లే రైలు ఎక్కండి. అక్కడ వెలుతురు, తిండి, తెల్లవారుజామున నాలుగైదింటికి మొదటి రైళ్లు ఉంటాయి. ఊళ్లోని తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెడితే పడుకోవడానికి చోటు దొరకడం అరుదేమీ కాదు. సోమవారం పొద్దున ల్యాబ్ ఉంటే అక్కడి నుంచే ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టండి, ల్యాబ్ మొదలయ్యాక కాదు, ముందే. చాలా ల్యాబ్‌లలో చెప్పకుండా మానేస్తే ఆ ప్రయోగం మళ్లీ వచ్చే సెమిస్టరుకే.